తలుపు అద్దంలోంచి తొంగిచూసే కోచ్

పొద్దున ఏడున్నర క్లాసు. బోర్డు మీద ఏదో సమీకరణం రాసి వెనక్కి తిరిగితే, తలుపుకి ఉన్న చిన్న అద్దంలో ఒక మొహం. ఎండకి కమిలి ఎర్రబడ్డ మొహం, నెత్తిన టోపీ. టోపీ అంచు కింద కళ్ళు మాత్రం అటునుంచి ఇటు కదులుతున్నాయి, బస్సులో కండక్టరు తలలు లెక్కపెట్టుకున్నట్టు. అంతవరకూ హుడీ ముసుగులేసుకుని కునికిపాట్లు పడుతున్న వెనక వరస పిల్లలు ఒక్కసారిగా నిటారుగా సర్దుకున్నారు. ఒకడైతే చేతిలో పెన్ను లేకుండానే రాయడం మొదలుపెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. తలుపు తీసి, "ఎవరు కావాలండీ మీకు?" అన్నాను.

"ఎవరూ అక్కర్లేదు మ్యామ్. మీ క్లాసులో నావాళ్ళు పదకొండు మంది ఉండాలి, పదిమందే ఉన్నారు" అని టోపీ కాస్త ఎత్తి వెళ్ళిపోయారు. పది నిమిషాలకి పదకొండోవాడు వచ్చాడు. కాళ్ళకి బాత్రూం చెప్పులు, చెంప మీద దిండు మడతల గీతలు.

అది 2004 ఆగస్టు. కాన్సాస్ రాష్ట్రం ఆగ్నేయ మూలన ఒక చిన్న ఊరి కమ్యూనిటీ కాలేజీలో నేను లెక్కలు చెప్పడానికి చేరిన మొదటివారం. ఆయన మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి డిఫెన్సివ్ కోఆర్డినేటర్. ఊరంతా 'కోచ్' అనే పిలిచేది, నేనూ అంతే. 2019లో ఆయన రిటైరయ్యేదాకా, ఆ అద్దంలో ఆ మొహం కనపడితే తప్ప నాకు సెమిస్టరు మొదలైనట్టు ఉండేది కాదు.

కమ్యూనిటీ కాలేజీకే జూనియర్ కాలేజీ అని ఇంకో పేరు. జూనియర్ కాలేజీ అంటే మనవాళ్ళకి ఇంటర్మీడియట్టే గుర్తొస్తుంది. మా అమ్మ తెనాలిలో అందరికీ "మా అమ్మాయి అమెరికాలో ఇంటర్ కాలేజీ లెక్చరర్" అని చెప్పుకునేది. నేనూ దిద్దలేదు. అక్కడ మాత్రం అది డిగ్రీలో మొదటి రెండేళ్ళు. ఫీజు తక్కువ, ఎవరికైనా సీటు దొరుకుతుంది. రెండేళ్ళు చదివి అసోసియేట్ డిగ్రీ పట్టుకుని పెద్ద యూనివర్సిటీకి వెళ్ళొచ్చు. ఇక ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు, కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి వెళ్ళాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళది. ఆ పది గజాలూ వెళ్ళనివ్వకుండా ఆపే పదకొండు మంది డిఫెన్స్. వాళ్ళ బాధ్యత మా కోచ్‌ది. బంతి పట్టుకుని ముందుకి వెళ్ళేవాళ్ళు అఫెన్స్.

ఈ రెండూ కలిస్తే 'జూకో' ఫుట్‌బాల్. హైస్కూల్లో మార్కులు చాలక పెద్ద యూనివర్సిటీలు తీసుకోని పిల్లలు, వయసుకి తగ్గ ఒళ్ళు ఆలస్యంగా వచ్చిన పిల్లలు, పెద్ద జట్టులో చేరి ఏదో తప్పు చేసి బయటపడ్డ పిల్లలు, వీళ్ళంతా వచ్చి చేరే చోటు. మా చుట్టుపక్కల బట్లర్, కాఫీవిల్, ఇండిపెండెన్స్, ఫోర్ట్ స్కాట్, హచిన్‌సన్, డాడ్జ్ సిటీ, గార్డెన్ సిటీ, హైలాండ్, అన్నిచోట్లా ఇదే వ్యవహారం. ఇక్కణ్ణుంచి పైకి వెళ్ళినవాళ్ళు లేకపోలేదు. కాఫీవిల్‌లో ఆడిన మైక్ రోజియర్ నెబ్రాస్కాకి వెళ్ళి 1983లో హైజ్మన్ ట్రోఫీ అందుకున్నాడు, కాలేజీ ఫుట్‌బాల్లో అందరికంటే మేటి ఆటగాడికి ఇచ్చేది. ఫోర్ట్ స్కాట్ డిఫెన్స్‌లో ఆడిన జేసన్ పియర్-పాల్ 2010లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్. జట్లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్టులో, మొదటి రౌండులోనే న్యూయార్క్ జెయింట్స్‌కి వెళ్ళాడు. మా పిల్లలందరి నోటా ఆ పేర్లే. కోచ్ మాత్రం ఆ పేర్లెత్తేవారు కాదు. "ఆ లెక్క నమ్ముకుంటే లాటరీ టిక్కెట్టు కొనుక్కోవడం నయం" అనేవారు.

ఆయనది ఓక్లహోమా. తనూ జూకోలో లైన్‌బ్యాకర్‌గా, అంటే డిఫెన్స్ రెండో వరసలో, ఆడినవారే. మోకాలు పోయింది. 1984లో జీతం లేని సహాయకుడిగా మొదలుపెట్టారు. కాన్సాస్, టెక్సస్, మిసిసిపీ, కాలిఫోర్నియా, మళ్ళీ టెక్సస్... మా కాలేజీ ఆయనకి ఏడోది. ఈ ఉద్యోగంలో ఒక దిక్కుమాలిన పద్ధతి ఉంది. జట్టు ఓడిపోతుంటే జట్టు మొత్తానికి పెద్దయిన హెడ్ కోచ్‌ని తీసేస్తారు, ఆయనతోపాటు కింద ఉన్న అసిస్టెంట్లందరూ సామాను సర్దుకోవాల్సిందే. ఈయన డిఫెన్స్ ఎంత బాగా ఆడినా సరే, అఫెన్స్ పాయింట్లు చెయ్యకపోతే ఈయన ఇల్లు ఖాళీ చెయ్యాలి. వాళ్ళావిడ నర్సు. "ఆస్పత్రి లేని ఊరు ఉండదు కాబట్టి మా సంసారం నిలబడింది" అనేదావిడ. అట్టపెట్టెలు విప్పకుండానే అలా ఉంచేసేదట, ఎలాగూ మళ్ళీ సర్దాలి కదా అని.

డిఫెన్సివ్ కోఆర్డినేటర్ అంటే హెడ్‌ఫోన్ పెట్టుకుని గట్టున నిలబడి సైగలు చేసేవాడని టీవీ చూసి అనుకుంటాం. శనివారం మూడు గంటలపాటు అది నిజమే. మిగతా ఆరు రోజులూ ఆయన చేసే పని చూస్తే మన పల్లెటూరి ఏకోపాధ్యాయ పాఠశాల మాస్టారు గుర్తొస్తాడు. వెయిట్ ట్రైనింగ్ క్లాసు చెప్పేవారు. మైదానంలో గీతలు వేసేవారు. ఆటయ్యాక రాత్రి పదకొండింటికి, యాభై జతల బురద ప్యాంట్లు వాషింగ్ మెషిన్లలో వేసి, అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆట వీడియో చూసేవారు. అంతకుముందు పనిచేసిన చోట్ల అయితే హాస్టల్లోనే ఒక గది ఇచ్చి వార్డెన్ పని కూడా చేయించుకున్నారట. "పెళ్ళయిన మూడేళ్ళు, మా పడగ్గది గోడకి అవతల ఎనభైమంది మగపిల్లలు" అని నవ్వేవారు.

వీడియో అంటే గుర్తొచ్చింది. ఇప్పుడైతే హడుల్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, పక్క రాష్ట్రం లింకన్‌లో పుట్టిందే, ఆట అయిన గంటకే కోచ్‌లు ఒకరి ఆట ఒకరికి పంపుకోవచ్చు. పాతరోజుల్లో అవతలి జట్టు పాత ఆటల టేపు కావాలంటే మన టేపు ఒకటి పట్టుకెళ్ళి మార్చుకోవాలి. ఆదివారం పొద్దున ఈయన ఇటునుంచి, గార్డెన్ సిటీ కోచ్ అటునుంచి కారేసుకుని బయల్దేరి, విచిటా పక్కన హైవే మీద ఏదో హోటల్లో కలుసుకునేవాళ్ళు. ఒకరినొకరు ఓడించుకోవడానికి సరుకు ఇచ్చిపుచ్చుకుంటూ, మధ్యలో కాఫీ, ఆపిల్ పై. "నిన్న ఎవరికైనా దెబ్బలు తగిలాయా, పిల్లలు బాగున్నారా" అని కబుర్లు. "హడుల్ వచ్చాక పని తేలికైంది. ఆ పై పోయింది" అన్నారొకసారి. ఆయన నోట విన్న అతి పెద్ద ఫిర్యాదు ఇదేనేమో.

మా స్నేహం మాత్రం క్యాంటీన్లో ఉప్పు, మిరియాల డబ్బాల దగ్గర మొదలైంది. మొదటి సంవత్సరం ఒక శనివారం ఆట చూడ్డానికి వెళ్ళి, ఏమీ అర్థంకాక, కుమ్ములాట చూసి తలనొప్పితో ఇంటికొచ్చాను. సోమవారం ఆయనతో అదే చెప్పాను, "దొమ్మీలా ఉందండీ" అని. ఆయన ఏం మాట్లాడకుండా పక్క బల్లల మీద డబ్బాలన్నీ పోగుచేసి వరసగా పేర్చారు. అవతలి లైనులో ఐదుగురు. మధ్యవాడికీ వాడి పక్కవాడికీ మధ్య సందు ఏ, దాని పక్కది బి, ఆ పక్కది సి. బంతి పట్టుకున్నవాడు దూరాలంటే వీటిల్లోనే ఏదో ఒక సందులోంచి దూరాలి. "నావాడు ఒక్కొక్కడూ ఒక్కొక్క సందుకి కాపలా. బంతి పక్క సందులో కనపడిందని నీ సందు వదిలేసి పోయావా, వాడు సరిగ్గా అక్కడికే తిరిగొస్తాడు. నా ఉద్యోగం అంతా ఇంతే మ్యామ్, పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి ఏమీ జరగని చోట నిలబెట్టి, కదలొద్దని ఒప్పించడం."

ఆ ముక్క విన్నాక ఆట చూడ్డం నాకు వచ్చింది. బంతి వైపు చూడ్డం మానేశాను. బంతి లేని చోట ఎవడు నిలబడ్డాడా అని చూసేదాన్ని.

తర్వాత ఏడాది క్లాసులో పైథాగరస్ అడిగితే వెనక వరస ఎప్పటిలాగే శూన్యంలోకి చూస్తుంటే, బోర్డు మీద మైదానం గీశాను. బంతి పట్టుకున్నవాడు అంచు గీత వెంబడి తిన్నగా పరిగెడుతున్నాడు. మన సేఫ్టీ, అంటే డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపలా ఉండేవాడు, వాడికి 24 గజాల ముందున్నాడు, 12 గజాలు లోపలికున్నాడు. ఇద్దరి వేగం ఒకటే. ఎక్కడ పట్టుకుంటాడు? హుడీ ముసుగులు ఒక్కొక్కటే వెనక్కి జారాయి. ఒకడు లేచి బోర్డు దగ్గరికే వచ్చేశాడు. వాడు ఇప్పుడున్న చోటికి పరిగెడితే లాభం లేదు, వాడు ఉండబోయే చోటికి పరిగెత్తాలి అని వాళ్ళకి నేను చెప్పక్కర్లేకపోయింది, రోజూ మైదానంలో ఆయన చేత తిట్లు తింటున్నది దానికే. ఆ 'ఉండబోయే చోటు' ఎక్కడో లెక్కకట్టొచ్చని మాత్రం వాళ్ళకి అప్పుడే తెలిసింది. అటు 9, ఇటు 12, ఏటవాలుగా 15. అంచు గీత మీద సరిగ్గా 15 గజాల దగ్గర ఇద్దరూ కలుస్తారు.

అద్దంలో మొహం ఆరోజు వెళ్ళిపోలేదు. క్లాసయ్యాక లోపలికొచ్చి బోర్డు ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. జేబులోంచి అట్టముక్క తీసి ఆ లెక్కని దానిమీద ఎక్కించుకున్నారు. "బాగుంది. కానీ మీ లెక్కలో పరిగెత్తేవాడు వెనక్కి తిరగడు. మైదానంలో పరిగెత్తేవాడు తిరుగుతాడు. అందుకే నా సేఫ్టీని తిన్నగా మీ చుక్క దగ్గరికి పంపను, చుక్కకి ఒక్క గజం లోపలికి పంపుతాను. వాడికి మిగిలేది అంచు గీత ఒక్కటే. ఆ గీత నా పన్నెండో ఆటగాడు." ఇప్పటికీ ఆ లెక్క చెప్పినప్పుడల్లా నేను ఆ ఒక్క గజం సంగతి కలిపే చెబుతాను. పుస్తకంలో ఉండదది.

ఆయనకి నేను చెప్పింది కూడా ఒకటుంది. చిన్నప్పుడు మా బళ్ళో డ్రిల్లు మాస్టారు మగపిల్లలకి చెడుగుడు నేర్పుతూ, "కూతకొచ్చినవాడి మొహం చూడకండ్రా, నడుం చూడండి. మొహం మాయ చేస్తుంది, నడుం చెయ్యలేదు" అని అరిచేవారు. కోచ్ మైదానంలో అచ్చం అదే మాట, బెల్టు బకిల్ చూడమని. ఈ సంగతి చెబితే ఆయన పట్టుకుని వదల్లేదు. చూపించమన్నారు. అప్పట్లో చూపించడానికి ఏముంది? 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక మా ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి తెలుగు టైటన్స్ ఆట పెట్టాను. మావారు పక్కన కూర్చుని వ్యాఖ్యానం. కోచ్ మాత్రం మా జట్టు గెలుస్తోందా లేదా అని కూడా అడగలేదు. చీలమండ పట్టు దగ్గర ఆపమని, వెనక్కి తిప్పమని, మళ్ళీ మళ్ళీ చూశారు. చివరికి, "తల ఎక్కడుందో చూశారా? పక్కకి. హెల్మెట్ లేదు కాబట్టి తల దాచుకుంటున్నారు. మేం హెల్మెట్ పెట్టి పిల్లల చేత తలతో పొడిపించాం" అన్నారు.

ఆ ఏడాది ఆయన్ని అదే పట్టుకుని పీడిస్తోంది. దెబ్బ తగిలిన మెదళ్ళ గురించి అప్పటికి దేశమంతా మాట్లాడుతోంది. సియాటిల్ సీహాక్స్ అనే ఎన్.ఎఫ్.ఎల్. జట్టువాళ్ళు రగ్బీ పద్ధతిలో తల పక్కకి పెట్టి, భుజంతో తాకి, తొడలు చుట్టేసే విధానం గురించి 2014 వేసవిలో వీడియో బయటపెట్టారు. దాన్ని ఆయన ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్న మనిషి తన పాఠం తనే చెరిపేసుకుని మళ్ళీ మొదటినుంచి రాసుకోవడం నేను దగ్గరుండి చూశాను. తన సొంత రాష్ట్రం పేరు పెట్టుకున్న 'ఓక్లహోమా డ్రిల్' అని ఒకటుంది, ఇద్దర్ని ఎదురెదురుగా ఇరుకు సందులో నిలబెట్టి ఢీకొట్టించడం. ఎన్.ఎఫ్.ఎల్. వాళ్ళు దాన్ని 2019లో నిషేధించారు, ఈయన అప్పటికి చాలా ముందే ఆపేశారు. "ఎంతమందికి తప్పు నేర్పానో" అన్నారొకరోజు పార్కింగ్ లాట్‌లో, ఏ సందర్భమూ లేకుండా. నేనేం అనలేదు. లెక్కల టీచర్లం, అలాంటప్పుడు అనడానికి మా దగ్గర ఏముంటుంది?

ఈ ఆట మీద నాకు పూర్తిగా ప్రేమేం లేదని ఇక్కడే చెప్పేస్తాను. పిల్లల్ని పిండి వాడుకునే వ్యవహారం చాలా ఉంది ఇందులో. 2016 దాకా మా కాన్సాస్ జట్లలో బయటి రాష్ట్రాల పిల్లలు 20 మందికి మించకూడదని నిబంధన ఉండేది, అది తీసేశాక ఫ్లోరిడా, జార్జియాల నుంచి బస్సులు దిగేవి. చలికి స్వెట్టరు కూడా లేకుండా దిగేవాళ్ళు పాపం. సీజను అయిపోయాక వాళ్ళలో కొంతమంది ఎటుపోయారో అడిగేవాళ్ళు కాలేజీలో ఉండేవాళ్ళు కాదు. థాంక్స్‌గివింగ్‌కి ఇంటికి వెళ్ళే డబ్బుల్లేక హాస్టల్లో మిగిలిపోయినవాళ్ళని కోచ్ తన ఇంటికి తీసుకెళ్ళేవారు. ఒక ఏడాది వాళ్ళావిడకి ఆస్పత్రిలో డ్యూటీ పడితే ఆ పద్నాలుగుమందీ మా ఇంటికొచ్చారు. మావారు గుంటూరు కారం తగ్గించమంటే విన్నాను కాదు. కోడిపలావు రెండు గిన్నెలూ అయిపోయాయి. మూడువందల పౌన్ల నోస్ టాకిల్ ఒకడు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ముక్కు చీదుకుంటూ, గిన్నె అడుగున మాడు గీకుతుంటే, కోచ్ గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టుకుంటున్నారు.

ఇక ఆ ఇరవై ఆరో నంబరు అబ్బాయి సంగతి.

2010 అక్టోబరు. వాడు రెండో ఏడాది సేఫ్టీ, టాంపా వైపు వాడు. వాళ్ళమ్మ ఆ ఆట చూడ్డానికి గ్రేహౌండ్ బస్సులో రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చింది. నా ముందు వరసలో కూర్చుంది, వేడి చాక్లెట్ కప్పు రెండు చేతులతో పట్టుకుని. ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉన్నాం, మూడు నిమిషాల ఆట ఉంది. అవతలివాళ్ళు మా గోల్ గీతకి 40 గజాల దూరంలో, నాలుగో ప్రయత్నం, ఇంకా 12 గజాలు కావాలి. బంతి దూరంగా విసిరారు. మావాడు ఎక్కణ్ణుంచి వచ్చాడో, గాల్లో అడ్డంగా తేలి ఒడిసిపట్టుకున్నాడు. స్టేడియం లేచి నిలబడింది. వాళ్ళమ్మ కప్పు ఎగిరి నా శాలువా మీద పడింది. నేనూ అరుస్తున్నాను. అరుస్తూనే గట్టు వైపు చూశాను. కోచ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు.

అప్పుడు తట్టింది నాకు. వాడు ఆ బంతిని కింద పడగొట్టి ఉంటే నాలుగో ప్రయత్నం విఫలం, మేము 40 దగ్గర మొదలుపెట్టేవాళ్ళం. పట్టుకుని మా గోల్ గీతకి 8 గజాల దగ్గర పడిపోయాడు, మేము అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. 32 గజాలు మేమే అవతలివాళ్ళకి కట్టబెట్టినట్టు. ఆ మూల నుంచి మా అఫెన్స్ కదల్లేకపోయింది, బంతిని తన్ని అవతలివాళ్ళకి వదిలేశాం, వాళ్ళు దగ్గర్లోనే అందుకుని చివర్లో గుంజల మధ్యకి తన్ని మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ కొట్టారు. రెండు పాయింట్లతో ఓడిపోయాం. వాళ్ళమ్మకి ఇదంతా తెలీదు, కొడుకు పట్టిన పట్టే మురిపెంగా చెప్పుకుంటోంది. కోచ్ ఆవిడ దగ్గరికి వచ్చి టోపీ తీసి, "మీవాడు పట్టినలాంటిది ఇరవయ్యారేళ్ళలో నేను చూళ్ళేదమ్మా" అన్నారు. అబద్ధం కాదది. ఆదివారం వీడియో గదిలో ఆ ముక్కని నాలుగుసార్లు వేసి, ఏమీ అనకుండా దీపం వేశారట. మర్నాడు క్లాసులో ఆ పిల్లాడు నన్ను అడిగాడు, "మిస్, నలభైలోంచి ఎనిమిది తీస్తే ముప్పైరెండేగా?" అని.

ఆ పట్టు చూసే ఒక పెద్ద యూనివర్సిటీ వాడికి స్కాలర్‌షిప్పుతో సీటు ఇస్తామంది. ఒక్కటే మెలిక. అప్పటి నిబంధన ప్రకారం హైస్కూలు మార్కులు చాలని పిల్లలు జూకో నుంచి పెద్ద యూనివర్సిటీల డివిజన్‌కి వెళ్ళాలంటే అసోసియేట్ డిగ్రీ పూర్తిచెయ్యాలి, అందులో లెక్కలు మూడు క్రెడిట్లు ఉండితీరాలి. మా దగ్గర ఆ మూడు క్రెడిట్లంటే కాలేజ్ ఆల్జీబ్రా. అంటే నేను. 2011 వసంతం సెమిస్టర్‌లో సి గ్రేడుకి 70 కావాలి. వాడికి 67 వచ్చాయి.

పేపరు మూడుసార్లు దిద్దాను. ఎక్కడా మూడు మార్కులు దొరకలేదు. నిజానికి ఒకచోట దొరికేవేమో, దొరికించుకుంటే. అర్ధరాత్రి వంటింటి బల్ల దగ్గర ఆ కాగితాలు ముందేసుకుని కూర్చుంటే మావారు వచ్చి, "వేసెయ్యి, ఎవడు చూస్తాడు" అన్నారు. వేస్తే ఆ తరగతిలో 68 వచ్చిన ఇంకో అమ్మాయికి ఏం చెప్పాలి? ఆ పిల్ల ఏ బంతీ పట్టుకోలేదు, నర్సింగులో చేరాలనుకుంటోంది అంతే.

మర్నాడు కోచ్ వచ్చారు. ఈసారి అద్దంలోంచి కాదు, తలుపు కొట్టి. కొంతమంది కోచ్‌లు ఇలాంటప్పుడు వచ్చి ఏమడుగుతారో ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. నేను మాటలు పేర్చుకుని సిద్ధంగా కూర్చున్నాను.

"ఎన్ని తగ్గాయి?"

"మూడు."

కాసేపు బోర్డు వైపు చూశారు. అక్కడేమీ రాసిలేదు. "తగ్గితే తగ్గినట్టే" అని లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "మూడుసార్లు దిద్దారా?" అన్నారు. అవునన్నాను. "అనుకున్నాను" అని వెళ్ళిపోయారు.

వేసవి క్లాసుకి డబ్బు సర్దుతానన్నా ఆ అబ్బాయి నిలబడలేదు. బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళలో మేమిద్దరం వాడి మాట ఎత్తుకోలేదు. 2012 నుంచి ఆ నిబంధన ఇంకా బిగిసింది, జి.పి.ఎ., అంటే గ్రేడుల సగటు, కూడా 2.5 ఉండాలన్నారు. కోచ్ రోజుకి రెండుసార్లు అద్దంలోకి చూడడం మొదలుపెట్టారు.

ఆయన హెడ్ కోచ్ ఎప్పుడూ కాలేదు. మా కాలేజీలోనే ఇద్దరు హెడ్ కోచ్‌లు మారారు, రెండుసార్లూ ఈయన ఉద్యోగానికి ఈయనే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాల్సొచ్చింది. ఒకసారి నాలుగేళ్ళ యూనివర్సిటీ నుంచి పిలుపు వస్తే, కూతురు హైస్కూలు ఆఖరు ఏడాదిలో ఉందని వెళ్ళలేదు. జాన్ మ్యాడెన్ అంటే ఆయనకి మహా ఇష్టం. మా పిల్లలకి మ్యాడెన్ అంటే వీడియో గేమ్ మీద పేరు. ఆ పెద్దాయన 1960లో కాలిఫోర్నియా శాంటా మరియాలో అలన్ హ్యాంకాక్ అనే జూనియర్ కాలేజీలో అసిస్టెంటుగా మొదలై, 1977లో ఓక్లండ్ రైడర్స్‌ని ఎన్.ఎఫ్.ఎల్. ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిపించాడని ప్రతి ఏడాది కొత్త బ్యాచ్‌కి చెప్పేవారు. పిల్లలు నమ్మేవాళ్ళు కాదు. "అయితే మీరెందుకు వెళ్ళలేదు కోచ్?" అని ఎవడో ఒకడు అడిగేవాడు. "నువ్వు ఇంకా ఆల్జీబ్రా పాసవ్వలేదుగా" అనేవారు.

2019 డిసెంబరులో ఆయన గది ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్ళాను. సన్మానం అంటే కేకు ముక్కా, ఒక చెక్క ఫలకమూ. సామానంటే ముఖ్యంగా అట్టముక్కల పెట్టెలు. ఏడు కాలేజీలవి. ఒక్కో అబ్బాయికి ఒక్కో ముక్క: పేరు, ఊరు, అమ్మ ఫోన్ నంబరు, తర్వాత ఎక్కడికి వెళ్ళాడు, డిగ్రీ వచ్చిందా. డిగ్రీ వచ్చినవాళ్ళ అట్టలకి పైన కుడిమూల కత్తిరించి ఉంది. పెట్టెని పైనుంచి చూస్తే మూల ఉన్నవి, లేనివి విడిగా తెలిసిపోతాయి. మూల ఉన్నవే ఎక్కువ. నా లెక్క అట్ట కూడా అందులోనే ఉంది, 9, 12, 15, పక్కన ఎర్ర సిరాతో 'ఒక గజం లోపలికి'.

రెండేళ్ళకే, 2021 చివర్లో, ఫోర్ట్ స్కాట్ వాళ్ళు ఫుట్‌బాలే ఎత్తేశారు. పియర్-పాల్ ఆడిన జట్టు. అంతకుముందే 2018లో అరిజోనాలో ఫీనిక్స్ చుట్టుపక్కల నాలుగు కాలేజీలు ఒకేసారి తీసేశాయి. ఖర్చు. ఈ కబుర్లు కోచ్‌కి ఎవరో చెబుతూనే ఉంటారు, ఆయన నాకు చెబుతూ ఉంటారు.

అయితే 2021 మే నెలలో వచ్చిన ఫోను వేరు.

"మ్యామ్, మీ వేసవి ఆన్‌లైన్ ఆల్జీబ్రాలో సీటుందా?"

"ఎవరికి కోచ్?"

"ఇరవై ఆరుకి."

ట్రక్కు నడుపుతున్నాడట. ఇద్దరు పిల్లలు. సాయంత్రాలు ఊళ్ళో చిన్నపిల్లల జట్టుకి డిఫెన్స్ నేర్పుతున్నాడట. హైస్కూల్లో ఉద్యోగం ఇస్తామంటున్నారు, డిగ్రీ ఉంటే. అసోసియేట్ డిగ్రీకి తగ్గింది పదేళ్ళుగా ఆ మూడు క్రెడిట్లే. సీటుంది. చేరాడు. వీడియోలో మొదటిరోజు మొహం చూసి పోల్చుకోలేకపోయాను, గడ్డం పెంచాడు. వెనకాల ట్రక్కు సీటు. "మిస్, ఆ సేఫ్టీ లెక్క ఇంకా చెబుతున్నారా?" అన్నాడు. వాలు కనుక్కోవడంలో మాత్రం 2011లో చేసిన తప్పే చేశాడు, నిలువు కింద, అడ్డం పైన.

మూడో వారం కోచ్ మళ్ళీ ఫోను చేశారు. విద్యార్థి మార్కులు, హాజరు ఇంకొకరికి చెప్పకూడదని 1974 నాటి చట్టం ఒకటుంది, ఫెర్పా అంటాం. కోచ్‌గా ఉన్నన్నాళ్ళు పిల్లలు సంతకాలు పెట్టిన కాగితాలుండేవి కాబట్టి ఆయనకి చెప్పగలిగేదాన్ని. ఇప్పుడు ఆయన ఎవరో, ఆ అబ్బాయి ఎవరో. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"మార్కులు అడగట్లేదు మ్యామ్" అన్నారు. "ఊరికే చేశాను. మీ దగ్గర వాతావరణం ఎలా ఉంది?"

నేను కాసేపు ఆలోచించాను.

"బావుంది కోచ్" అన్నాను. "రోజూ ఠంచనుగా తెల్లారుతోంది."